ఇంట్లో మాటల్లేని రోజుల్లో ఆఫీసులో నా పని చెడిపోతోంది, నాకొక్కదానికేనా?

నెలాఖరు:

పదకొండేళ్లుగా అకౌంట్స్‌లో పని చేస్తున్నాను. పెళ్లై ఆరేళ్లు, నాలుగేళ్ల పాప, ఇద్దరం ఉద్యోగస్తులమే. కొట్టడం, తాగడం లాంటివేమీ లేవు. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఎవరికి చెప్పుకున్నా మొదట అదే అడుగుతారు, లేదంటే "మరింకేంటమ్మా నీ బాధ" అంటారు. మా ఇంట్లో సమస్య మాట్లాడకపోవడం. ఏదైనా తేడా వస్తే ఆయన మాట మానేస్తారు. ఒకరోజు కాదు, మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం. పాపతో మామూలుగానే ఉంటారు, నవ్వుతూ ఆడుకుంటారు, నేను గదిలోకి వెళ్లగానే ఫోన్ చేతిలోకి తీసుకుంటారు. మళ్లీ ఒక పొద్దున ఏమీ జరగనట్టు "కరెంటు బిల్లు కట్టావా" అని అడుగుతారు. అంతే, అయిపోయినట్టు. ఎందుకు మొదలైందో తెలీదు, ఎందుకు ఆగిందో అంతకన్నా తెలీదు.

ఎనిమిది నెలల క్రితం నాకు ప్రమోషన్ వచ్చింది. అప్పట్నుంచీ ఇవి ఎక్కువయ్యాయని నాకనిపిస్తుంది. అడిగితే "నీకన్నీ అలాగే కనిపిస్తాయి" అంటారు.

అసలు విషయానికొస్తే, పోయిన నెలాఖరున బ్యాంక్ రీకన్సిలియేషన్ (మా పుస్తకాల్లోని లెక్కని బ్యాంకు లెక్కతో సరిచూడడం) చేస్తుంటే 27,000 తేడా వచ్చింది. అకౌంట్స్ వాళ్లందరికీ తెలిసిందే, తేడా 9తో శేషం లేకుండా పోయిందంటే ముందు ఎక్కడైనా అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. మా దగ్గర కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ మొదటి వారంలో ఇది చెప్పేది నేనే. ఆ రాత్రి తొమ్మిది దాకా కూర్చుని రెండు వందల పైచిలుకు ఎంట్రీలకి ఒక్కొక్కటిగా టిక్ పెట్టుకుంటూ వెతికాను గానీ 27ని 9తో భాగించి చూద్దామని నాకు తట్టనే లేదు. మధ్యమధ్యలో ఫోన్ తీసి చూడడం, మెసేజ్ ఏమీ లేదు, మళ్లీ పెట్టేయడం, ఏ ఎంట్రీ దగ్గర ఆగానో మర్చిపోవడం, మళ్లీ పైనుంచి. పొద్దున జూనియర్ వచ్చి స్క్రీన్ వైపు ఒకసారి చూసి "మేడమ్, 63ని 36 అని కొట్టారేమో" అంది. కొట్టింది నేనే. ఐదు నిమిషాల్లో దొరికింది. ఆ పిల్ల ఇంకేమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

మా మేనేజర్ కూడా గమనించినట్టున్నాడు. "ఈ మధ్య మీ ధ్యాస ఇక్కడ ఉండట్లేదు, ఇంట్లో అంతా బానే ఉంది కదా" అన్నాడు. బానే ఉందన్నాను.

ఇది నాకొక్కదానికేనా, అందరికీ ఉండేదేనా? మేనేజర్‌కి చెప్పొచ్చా? "సర్దుకుపో" అనేవాళ్లు దయచేసి రాయకండి, ఆ సలహా ఇంట్లోనే బోలెడు దొరుకుతోంది.

---

నైట్‌డ్యూటీ:

నీ ఒక్కదానికే కాదక్కా. నేను నర్సుని. మీకు అంకె తప్పితే మర్నాడు దొరుకుతుంది, మా దగ్గర అంత టైమ్ ఉండదు.

ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది) లాంటి మందులకి మా దగ్గర ఇద్దరు నర్సులు విడివిడిగా సరిచూడాలి. ఒకరు తీసింది ఇంకొకరు చార్ట్ పక్కన పెట్టుకుని మళ్లీ చదవాలి. రెండేళ్ల క్రితం ఇంట్లో పెద్ద గొడవై, నిద్ర లేకుండా డ్యూటీకి వచ్చాను. చార్ట్‌లో 4 యూనిట్లు ఉంటే సిరంజిలో 14 తీశాను. చూసే తీశాను, అదే విచిత్రం. కళ్లు చార్ట్ మీదే ఉన్నాయి, బుర్రలో మాత్రం గడప దగ్గర ఆయన అన్న మాట తిరుగుతోంది. పక్క సిస్టర్ సిరంజి చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూసి, ఏమీ అనకుండా చార్ట్ నా ముందుకి జరిపింది. నాకు కాళ్లు వణికాయి.

అప్పట్నుంచీ ఒకటి అలవాటు చేసుకున్నాను. అలాంటి రోజు డ్యూటీ ఎక్కగానే తోటి సిస్టర్‌తో "ఇవాళ నావి రెండోసారి చూడు" అంటాను. ఎందుకని ఆవిడ అడగదు. ఆవిడకీ అలాంటి రోజులుంటాయి, అప్పుడు నేను చూస్తాను. కథంతా చెప్పుకోనక్కర్లేదు. నీ జూనియర్ పిల్ల బానే ఉన్నట్టుంది, అడుగు.

ఫోన్ మాత్రం బ్యాగ్‌లో పడేయి. పాప కోసం ఒక నంబర్‌కి రింగ్ వచ్చేలా పెట్టుకుని మిగతావన్నీ ఆపేయి. మెసేజ్ వస్తే ఒక బాధ, రాకపోతే ఇంకో బాధ.

---

సగంచదివినపుస్తకం:

ఉద్యోగుల మానసిక ఒత్తిడి మీద కొంతకాలం చదువుకున్నాను (యూజర్‌నేమ్ చూశారుగా, సగమే). మీరు చెప్తున్నదానికి ఈ రంగంలో ఒక పేరుంది, స్పిల్‌ఓవర్ అంటారు. ఒకచోట నిండింది పొర్లి ఇంకోచోట పడడం.

ఆడవాళ్లు ఇంటిని ఆఫీసుకి మోసుకొస్తారు, మగవాళ్లు గడప దాటగానే మర్చిపోతారు అని మనందరికీ ఒక నమ్మకం కదా. 1989లో నీల్ బోల్జర్, ఇంకొందరు కలిసి 166 జంటల చేత వరసగా 42 రోజులు డైరీలు రాయించారు, ఇవాళ ఇంట్లో ఏమైంది, పనిలో ఏమైంది అని. అందులో తేలింది రివర్స్. ఇంటి ఒత్తిడిని పనిలోకి తీసుకెళ్లడం భార్యల కంటే భర్తల్లోనే ఎక్కువ కనిపించింది. ఒకే ఒక్క పరిశోధన, అదీ పాతది, దాన్ని పట్టుకుని వాదనకి దిగమనట్లేదు. కాకపోతే మీ మేనేజర్ మిమ్మల్ని అడిగిన ప్రశ్న, అదే తప్పు చేసిన మగ ఉద్యోగిని అడిగేవాడా అన్నది మాత్రం ఆలోచించండి. అతనికైతే "పని ఎక్కువైందా బాస్" అనేవాడు.

గ్రీన్‌హాస్, బ్యూటెల్ అనే ఇద్దరు 1985లో ఇల్లూ ఉద్యోగమూ ఢీకొనడాన్ని మూడు రకాలుగా చెప్పారు. ఒకటి టైమ్ చాలకపోవడం, ఇది అందరికీ తెలుసు. రెండోది మీది, ఒత్తిడి: మనిషి కుర్చీలోనే ఉంటుంది, టైమ్‌కే వస్తుంది, బుర్ర మాత్రం ఇంకెక్కడో. బుర్రలో ఒకేసారి పట్టుకోగలిగింది చాలా తక్కువ, ఆ కాస్త చోటులో "నేనేం అన్నాను, ఎందుకు మాట్లాడట్లేదు" అనేది కూర్చుంటే 9తో భాగించడం లాంటి అలవాటైన చిట్కా కూడా తట్టదు. మీకు తెలివి తగ్గలేదండీ, చోటు తగ్గింది. గొడవపడి తేల్చేసుకున్న రోజు కంటే, తేలకుండా వేలాడే రోజే పనికి ఎక్కువ చేటు అని నాకనిపిస్తుంది, ఇది మాత్రం నా అభిప్రాయం, చదివింది కాదు. మూడోది ప్రవర్తన. ఆఫీసులో మీరు "ఇది శుక్రవారానికి కావాలి" అని తేల్చి చెప్పాలి, అదే గొంతుతో ఇంట్లో అడిగితే "ఆఫీసరమ్మ వచ్చింది" అంటారు. ప్రమోషన్ తర్వాత ఇది పెరగడంలో ఆశ్చర్యం లేదు.

ప్రమోషన్ సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్తున్నాను. స్వీడన్‌లో ఫోల్కే, రిక్నే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2020లో ఒక పేపర్ వేశారు. రాజకీయాల్లో పెద్ద పదవి వచ్చాక ఆడవాళ్లలో విడాకులు పెరిగాయి, మగవాళ్లలో పెరగలేదు.

---

నెలాఖరు:

చివరి ముక్క చదివి పది నిమిషాలు అలా కూర్చుండిపోయాను. సలహా అడిగితే విడాకుల లెక్కలు చెప్తారేంటండీ :(

---

సగంచదివినపుస్తకం:

క్షమించండి, సగంలో ఆపేశాను. అదే పేపర్‌లో మిగతా సగం: ఆ పెరుగుదలంతా దాదాపుగా పాత పద్ధతి జంటల్లోనే ఉంది, అంటే ఇంటి బాధ్యతా పిల్లలూ ఆవిడవి, ఉద్యోగం ముందు ఆయనది అన్నట్టు నడిచిన కాపురాల్లో. మొదట్నుంచీ సమానంగా పంచుకున్నవాళ్లలో ఆ ప్రభావం కనపడలేదు. అంటే పదవి వచ్చినందుకు కాపురం చెడిందని కాదు, పదవి వచ్చేసరికి పాత ఒప్పందం సరిపోలేదు. మీ ఇంట్లో ఆ ఒప్పందం ఏంటో మీకే తెలియాలి.

ఇంకోటి, ఇది కాస్త మంచి వార్త. 2014లో సాలమన్, జాక్సన్ అనేవాళ్లు ఆస్ట్రేలియాలో వేల మంది దంపతుల వివరాలు ఐదేళ్ల పాటు చూశారు. జీవిత భాగస్వామి బాధ్యతగా, పద్ధతిగా ఉండే మనిషైతే అవతలివాళ్లకి ఉద్యోగంలో తృప్తి, జీతం, ప్రమోషన్ అవకాశాలు మెరుగ్గా ఉన్నాయి. ఆడామగా ఇద్దరికీ అంతే. ప్రేమ, శృంగారం, సరదా కాదండోయ్, చెప్పిన పని చెప్పిన టైమ్‌కి చేసే గుణం.

---

వరండాలోకుర్చీ:

నాది పూర్తిగా ఉల్టా కథ, అందుకే రాస్తున్నా.

నా కాపురం నరకంగా ఉన్న ఏడాదే ఆఫీసులో నాకు అన్నిటికన్నా మంచి రేటింగ్ వచ్చింది. అందరికన్నా ముందు వచ్చేదాన్ని, అందరికన్నా చివర వెళ్లేదాన్ని, సెలవురోజు కూడా ఏదో పని ఉందని వెళ్లేదాన్ని. ఏ పనికీ కాదనేదాన్ని కాదు. మా బాస్ మీటింగ్‌లో "డెడికేషన్ అంటే ఈవిడ" అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి వెళ్లాలంటే భయమని ఎవరికి తెలుసు? సాయంత్రం ఏడు తర్వాత ఆ ఫ్లోర్‌లో సగం లైట్లు ఆర్పేసేవాళ్లు, నా నెత్తిన ఉన్నది ఒక్కటే వెలుగుతుండేది, దాని కింద కూర్చుంటే ఎంత ప్రశాంతంగా ఉండేదో. నెలకి ఒక పని పూర్తయ్యేది, ఎవరో బావుంది అనేవాళ్లు. ఇంట్లో ఏం చేసినా బావుంది అన్నవాళ్లు లేరు.

విడిపోయాక, అంతా సద్దుమణిగాక, అప్పుడు కూలిపోయాను. దాదాపు ఆర్నెల్లు మామూలు ఈమెయిల్ రాయడానికి కూడా గంట పట్టేది. అప్పుడేమో ఆఫీసువాళ్లు "విడాకులయ్యాక ఈవిడ పనితీరు పడిపోయింది" అనుకున్నారు. లెక్క అంతా వాళ్లకి తలకిందులుగా కనిపించింది. అందుకే పనితీరు చూసి కాపురం ఊహించేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

నెలాఖరు గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను, ఇక్కడ జవాబు చెప్పక్కర్లేదు, మీకు మీరే చెప్పుకోండి. మీ జీతం మీ చేతిలోనే ఉంటుందా? ఆఫీసులో ఉన్నప్పుడు ఎక్కడున్నావ్, ఎవరితో ఉన్నావ్ అని పదేపదే ఫోన్లు వస్తాయా? ముఖ్యమైన మీటింగ్ ఉన్న రోజునే సరిగ్గా గొడవ మొదలవుతుందా? పాపని ఆ రోజే చూసుకోనంటారా? నాకు ఈ నాలుగూ జరిగాయి. ఒక్కసారి కూడా చెయ్యి చేసుకోలేదు కాబట్టి అది వేధింపు అని నాకు చాలా ఏళ్లు తెలీలేదు. మాట మానేయడం కూడా శిక్షగా వాడతారు, అలవాటుగా కూడా వస్తుంది, రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా ఎక్కడంటే, మీరు తగ్గి, బతిమాలి, ఆయనకి కావాల్సింది ఒప్పుకున్నప్పుడే మౌనం తెగుతుందా అన్నది చూసుకోండి.

ఇది ఇంటి విషయం, ఆఫీసుకి సంబంధం లేదు అనే రోజులు కూడా పోయాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒడంబడికలో గృహహింస ప్రభావం పనిచేసేచోట పడుతుందని గుర్తించాలనీ, వీలైనంత తగ్గించాలనీ రాశారు. దానితోపాటు ఇచ్చిన సిఫారసులో సెలవు ఇవ్వడం, పనివేళలు సడలించడం లాంటివి కూడా ఉన్నాయి. అమలు సంగతి దేవుడెరుగు, కాగితం మీదైనా ఉంది.

---

ఒకభర్త:

తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నాను. నేను ఆ మౌనం పాటించే బాపతే.

బయటినుంచి చూస్తే పొగరులా ఉంటుంది. లోపల నాకైతే మాట రాదు, నిజంగానే రాదు. గుండె దడదడలాడుతుంది, నోరు తెరిస్తే ఏదో పెద్ద మాట వచ్చేస్తుందని భయం, అందుకని మూసుకుంటాను. దంపతుల గొడవల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి పరిశీలించిన జాన్ గాట్‌మన్ దీన్ని స్టోన్‌వాలింగ్ అన్నారు, రాయిలా అయిపోవడం. అలాంటప్పుడు ఒళ్లు శాంతించడానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలంటారు ఆయన. ఇరవై నిమిషాలు. నేను నాలుగు రోజులు తీసుకునేవాణ్ణి. మొదటి ఇరవై నిమిషాలు దడ, మిగతాదంతా "తనే ముందు పలకాలి" అనే పంతం, ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

మా ఆవిడ టీచర్. ఒకసారి పరీక్ష పేపర్లు దిద్దుతుంటే వెనకనుంచి చూశాను. ఒకే పేపర్‌ని మూడుసార్లు కూడింది. మూడుసార్లూ వేరే మొత్తం వచ్చింది. పెన్ను పక్కన పెట్టి తల పట్టుకుంది. అప్పటికి మేం మాట్లాడుకోక మూడు రోజులు. ఆ పేపర్ రాసిన కుర్రాడెవడో, వాడి మార్కులు నా పంతం మీద ఆధారపడి ఉన్నాయి కదా అని మొదటిసారి అనిపించింది. అలా అనిపించాక కూడా ఆ రోజు పలకలేదు నేను, మర్నాడు పలికాను.

నెలాఖరు గారూ, ప్రమోషన్ గురించి ఆయన్ని నేరుగా అడిగితే ఒప్పుకోరు. మగాళ్లం అంత తొందరగా ఒప్పుకోం. ఇంట్లో కొంచెం పని తగ్గించుకుని, ఆయనకి కొంచెం టైమ్ ఇచ్చి చూడండి, మెత్తబడతారు.

---

రెండోషిఫ్ట్:

ఒకభర్త గారూ, అంతా బాగా రాసి చివర్లో మళ్లీ ఆవిడ మీదకే తోశారు చూడండి. "ఇంట్లో పని తగ్గించుకుని" అంటే ఎవరికి తగ్గించి ఎవరికిచ్చి? ఆ పని గాల్లో కలిసిపోదు కదా.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క చెప్పింది. ప్రపంచం మొత్తం మీద జీతం లేని ఇంటిపని, పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే పని ఆడవాళ్లు రోజుకి సగటున 4 గంటల 25 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్లు 1 గంట 23 నిమిషాలు. మూడు గంటల తేడా. ఇద్దరూ పొద్దున ఒకే టైమ్‌కి ఆఫీసులో అడుగుపెడితే ఇద్దరూ సమానంగా మొదలుపెట్టారనే అనుకుంటుంది ఆఫీసు.

పైగా గంటల్లోకి ఎక్కని పని ఇంకోటుంది. పాప టీకా ఎప్పుడు, చెప్పులు బిగుతయ్యాయా, గ్యాస్ అయిపోవచ్చిందా, ఇవన్నీ గుర్తుపెట్టుకునే పని. చేయమంటే చేస్తారు మా ఆయన, నిజం చెప్పాలి, బంగారం లాంటి మనిషి. చేయమని చెప్పాలి, అంతే. ఆ చెప్పడం కోసం నేను రోజంతా ఒక లిస్టు మోస్తూ తిరగాలి. మీటింగ్‌లో ఎవరో గ్రాఫ్ చూపిస్తుంటే నా నోట్‌బుక్ మార్జిన్‌లో "డయాపర్లు" అని రాసి ఉంటుంది. పోయిన ఏడాది నేను చేసింది ఒక్కటే, పాప ఆరోగ్యం అనే విషయం మొత్తం ఆయనకి ఇచ్చేశాను. డాక్టర్ నంబర్, టీకాల కార్డు, స్కూల్‌లో మొదట ఫోన్ చేయాల్సిన నంబర్, అన్నీ. ఒకసారి టీకా రెండు వారాలు లేటైంది. పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను, గుర్తు చేయలేదు. తర్వాత ఆయనే క్యాలెండర్‌లో పెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఆఫీసులో నాకు వచ్చిన తేడా ఏంటంటే, మధ్యాహ్నం స్కూల్ నుంచి ఫోన్ రావడం ఆగిపోయింది. అంత చిన్న విషయం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ కదిలించని రెండు గంటలు నాకు పెళ్లైన తర్వాత మొదటిసారి దొరికాయి.

---

ఒకభర్త:

తోశాను, నిజమే. ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా.

---

పాతమేనేజర్:

మేనేజర్‌కి చెప్పాలా అన్నదానికి ఎవరూ సరిగా జవాబివ్వలేదు, నేను ప్రయత్నిస్తాను. పదిహేనేళ్లకి పైగా టీములు నడిపాను, ఇప్పుడు రిటైరయ్యాను.

కారణం చెప్పకమ్మా, అవసరం చెప్పు. "ఇంట్లో మా ఆయన మాట్లాడట్లేదు" అని చెబితే మంచి మేనేజరైతే అయ్యో అంటాడు, ఏం చేయాలో తెలియక ఊరుకుంటాడు. మంచివాడు కాకపోతే వచ్చే ఏడాది రేటింగ్ రాసేటప్పుడు "వ్యక్తిగత సమస్యల వల్ల" అని ఒక ముక్క రాసి పెడతాడు, అది నీ ఫైల్‌లో నీ కాపురం బాగుపడ్డాక కూడా ఉంటుంది. నేనూ అలాంటివి రాశాను ఒకటి రెండుసార్లు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఒకావిడ గురించి "పెళ్లయ్యాక శ్రద్ధ తగ్గింది" అని రాశాను. ఆ తర్వాత తెలిసింది, ఆవిడ కొత్త ఇంటినుంచి రావడానికి రానూపోనూ మూడు గంటలు పడుతోంది. అడిగితే షిఫ్ట్ మార్చేవాణ్ణి. అడగలేదు, పెళ్లి అనే ఒక్క కారణం దొరికింది, సరిపోయింది అనుకున్నాను. అదే టీములో పెళ్లైన కుర్రాళ్లని "బాధ్యత వచ్చింది, సెటిలయ్యాడు" అని మెచ్చుకునేవాళ్లం. ఐర్లాండ్ లాంటి చోట్ల పెళ్లైతే ఆడవాళ్లు ప్రభుత్వ ఉద్యోగం మానేయాలన్న రూలే ఉండేది, 1973లో గానీ తీసేయలేదు. రూలు పోయింది, మా బుర్రల్లోంచి పోవడానికి ఇంకా టైమ్ పడుతోంది.

కాబట్టి వెళ్లి ఇలా చెప్పు: "పోయిన నెల నా ఎంట్రీలో తప్పు దొర్లింది, నాకు తెలుసు. వచ్చే రెండు నెలలు నేను క్లోజ్ చేసినవి ఇంకొకరు సరిచూసేలా పెట్టండి, నెలాఖరు రెండు రోజులు కొత్త పనులు ఇవ్వకండి." తప్పు నువ్వే ముందు ఒప్పుకున్నావు, దారి నువ్వే చూపించావు, ఇంకేం అడుగుతాడు? ఇంట్లో బానే ఉందా అని మళ్లీ అడిగితే "పని సంగతి చూసుకుంటున్నాను సార్" అను, చాలు. వరండాలోకుర్చీ గారు అడిగిన నాలుగింటిలో ఏదైనా నీ ఇంట్లో ఉంటే మాత్రం ఇది వర్తించదు. అప్పుడు నమ్మకమైన ఒక్క మనిషికైనా ఉన్నదున్నట్టు చెప్పాలి, హెచ్‌ఆర్‌లో గానీ బయట గానీ.

---

నైట్‌డ్యూటీ:

పాతమేనేజర్ గారూ, మీలాంటివాళ్లు రిటైరయ్యాకే ఎందుకండీ ఇవన్నీ ఒప్పుకుంటారు :)

---

నెలాఖరు:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఏమైందని ఇద్దరు మెసేజ్ పెట్టారు కాబట్టి.

వరండాలోకుర్చీ గారూ, మీ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని జవాబులు రాసుకున్నాను. నాలుగింటికీ కాదు అనే వచ్చింది. చివర చెప్పినదానికి మాత్రం సగం అవును. చాలాసార్లు నేనే బతిమాలాను, ఎందుకు బతిమాలానో తెలియకుండానే. అది ఆపేశాను.

ఆయనతో ఒక్కటే మాట చెప్పాను, అదీ మామూలుగా ఉన్న రోజు చూసి. "మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడకండి, ఎప్పుడు మాట్లాడతారో టైమ్ చెప్పండి, నేను దాని గురించి అప్పటిదాకా ఆలోచించను." ఇరవై నిమిషాల సంగతి కూడా చెప్పాను. నవ్వారు. తర్వాతి గొడవకి ఏమీ చెప్పకుండా రెండు రోజులు మామూలే. ఆ తర్వాతి గొడవకి ఫ్రిజ్ మీద చీటీ అంటించి ఉంది, "ఆదివారం పొద్దున." గురువారం నుంచి ఆదివారం దాకా ఏంటో అని ఒళ్లు మండింది గానీ, నిజం చెప్తున్నా, శుక్రవారం ఆఫీసులో ఒక్కసారి కూడా ఫోన్ తీయలేదు. ఆదివారం కూర్చున్నాం. ప్రమోషన్ గురించి ఆయన నోటివెంట ఒక వాక్యం వచ్చింది. ఏంటో ఇక్కడ రాయను, ఆయన మాట అది. నేననుకున్నది కాదు. దాని మీద ఇంకా చాలా మాట్లాడుకోవాలి.

మేనేజర్‌కి పాతమేనేజర్ గారు చెప్పినట్టే చెప్పాను, దాదాపు బట్టీ పట్టి. "సరే, అలాగే చేద్దాం" అన్నాడు, రెండు నిమిషాల్లో అయిపోయింది. దీనికోసం ఎన్ని రాత్రులు నిద్ర పాడుచేసుకున్నానో.

స్కూల్‌లో మొదటి నంబర్ కూడా మార్పించాను, రెండోషిఫ్ట్ గారికి థాంక్స్. మొన్న పాపకి జ్వరమని ఆయనకి ఫోన్ వెళ్లింది, ఆయన నాకు ఫోన్ చేసి "ఏం చేయాలి" అన్నారు. నేను వేళ్లు కొరుక్కుని "మీరు చూసుకోండి" అన్నాను. చూసుకున్నారు.

ఈ నెలాఖరున తేడా 450 వచ్చింది. ఈసారి ముందు 9తో భాగించాను, పోయింది. 610కి 160 కొట్టి ఉంది, నాది కాదు, ఆ జూనియర్ పిల్లది. ఎప్పుడూ తప్పు చేయని పిల్ల. కళ్లు వాచి ఉన్నాయి. ఆ పిల్లకి ఈ మధ్యే పెళ్లైంది. ఏమైందని అడగలేదు, ఇవాళ్టివన్నీ నేనోసారి చూస్తాలే అన్నాను.